వయసు మీద నెపం వేస్తే కాలి పుండు మానదు

వరి నాట్లు ముగించుకుని పొద్దుగూకే వేళకు ఇల్లు చేరిన కూలీ మహిళ అరుగు మీద చతికిలబడి కాళ్లు ఒత్తుకోవడం ఏ పల్లెలోనైనా కనిపించేదే. పిక్కల మీద నీలిరంగులో మెలికలు తిరిగిన నరాలు, మడమ చుట్టూ సాలెగూడులా అల్లుకున్న ఎర్రటి సన్నని గీతలు ఉంటాయి. ఇదేమిటని అడిగితే, 'వయసు మళ్లింది, ఇక ఇంతే' అన్న జవాబు వస్తుంది. ఇంట్లోవారిదీ అదే మాట, ఇరుగుపొరుగుదీ అదే మాట. ఈ మాటలో సగమే నిజం. నిజం కాని మిగతా సగాన్ని నమ్ముకున్నవారే మానని పుండ్లతో ఏళ్ల తరబడి అవస్థ పడుతున్నారు.

ఫుట్‌వాల్వు చెడితే...

జనం నరాలంటున్నవి నిజానికి నరాలు కావు. ఒంట్లో తిరిగిన రక్తాన్ని మళ్లీ గుండెకు చేర్చే సిరలు. కాళ్లలోని రక్తం కిందినుంచి పైకి ఎక్కాలి. మనిషి నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి ఆ రక్తాన్ని పైకి తోస్తుంది. తోసిన రక్తం వెనక్కి జారకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. బావిలో మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు చేసే పనే ఇవీ చేస్తాయి. ఫుట్‌వాల్వు చెడితే నీరు జారిపోయినట్లే, కవాటం చెడితే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి సిర సాగి, ఉబ్బి, మెలికలు పడుతుంది.

వయసు పెరిగేకొద్దీ సిరల గోడల్లో సాగే గుణం తగ్గుతుంది. కవాటాలు సడలుతాయి. పిక్క కండరం పలచబడి తోసే బలం తగ్గుతుంది. చర్మం పలచబడి, దాని కింది కొవ్వు కరగడంతో అంతకుముందు కంటికి ఆనని సిరలు కూడా పైకి కనిపిస్తాయి. ముసలివారి చేతుల మీద నరాలు తేలడం ఇందువల్లనే. అది జబ్బు కాదు. సాలెగూడులా కనిపించే గీతలు మిల్లీమీటరు కన్నా సన్నంగా ఉంటాయి. వాటివల్ల సాధారణంగా ప్రమాదం లేదు. వాటికి మందుల పేరిట డబ్బు తగలేయనక్కరలేదు. అయితే నిలబడినప్పుడు మూడు మిల్లీమీటర్లు, అంతకుమించి ఉబ్బి చేతికి తగిలే సిరల సంగతి వేరు.

ఆడవారికే వచ్చేదా?

ఇది కేవలం ముసలితనపు బాధ కాదు. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పులు, అధిక బరువు, గంటల తరబడి కదలకుండా నిలబడి చేసే పని దీనికి తోడవుతాయి. హోటల్లో పెనం ముందు నిలబడే వంటమనిషి, ఇస్త్రీ బల్ల ముందు నిలబడే చాకలి, బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడే అమ్మాయి కాళ్లకు నలభై ఏళ్లు నిండకుండానే ఈ బాధ రావచ్చు.

మగవారికి రాదనుకోవడమూ పొరపాటే. స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో 18 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,566 మందిని పరీక్షించి 1999లో వెల్లడించిన వివరాల ప్రకారం, పెద్ద సిరలు ఉబ్బినవారు పురుషుల్లో 40 శాతం, స్త్రీలలో 32 శాతం. వయసు పైబడినకొద్దీ ఈ సంఖ్య పెరిగిన మాట నిజమే. అంతమాత్రాన చికిత్స లేదని అర్థం కాదు.

ఆలస్యమే అసలు చేటు

సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, చీలమండలు వాయడం, దురద మొదటి సూచనలు. తరువాత లోపలి చీలమండ పైన చర్మం గోధుమరంగుకు మారి, గట్టిపడుతుంది. ఆ చోట చిన్న గీత పడినా పుండుగా మారి మానదు. షుగరు ఉన్నవారిలో అరికాలి మీద, వేళ్ల దగ్గర వచ్చే పుండు వేరు, ఇది వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి పసర్లు, పొడులు అద్దుతూ కూర్చోవడం శోచనీయం.

ఆలస్యం చేస్తే ఎంత నష్టమో బ్రిటన్‌లో 450 మంది పుండు రోగులపై జరిగిన పరిశోధన తేల్చింది. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, కట్టుతో పాటు చెడిన సిరకు వెంటనే చికిత్స చేసిన సగం మందికి 56 రోజుల్లోపే పుండ్లు మానాయి. సిర చికిత్సను వాయిదా వేసినవారిలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. కూలి మీద బతికే కుటుంబానికి ఈ 26 రోజులు చిన్న సంగతి కాదు.

ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే కంగారు పడకూడదు. రోగిని పడుకోబెట్టి, కాలు ఎత్తిపెట్టి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, ఆపైన ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. తాడుతో బిగించి కట్టరాదు. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ రోజే వైద్యుడికి చూపాలి.

ఎవరి బాధ్యత ఎంత?

రోజూ నడవడం, పనిలో మధ్యమధ్య మడమలు ఎత్తి దించడం, పడుకున్నప్పుడు కాళ్ల కింద ఎత్తు పెట్టుకోవడం ఖర్చులేని ఉపాయాలు. బిగుతు మేజోళ్లు మేలు చేస్తాయి. కానీ కాళ్లకు రక్తం సరిగా అందనివారికి, షుగరు రోగులకు అవి కీడు చేయవచ్చు కనుక వైద్యుడిని అడిగాకే వాడాలి.

యజమానులకూ బాధ్యత ఉంది. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చునేందుకు వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. ఒక స్టూలు వేసినంత మాత్రాన ఏ వ్యాపారమూ దివాలా తీయదు. మన బజార్లలోని దుకాణదారులు చట్టం తరిమేదాకా ఆగనక్కరలేదు.

ఇక ఆరోగ్య శాఖ. బీపీ, షుగరు చూసేందుకు ఇంటికి వచ్చే సిబ్బంది ఒక్క నిమిషం చీలమండల వైపు కూడా చూడాలి. రంగు మారిన చర్మాన్ని పుండు పడకముందే గుర్తించి పెద్దాస్పత్రికి పంపితే, తరువాత నెలల తరబడి కట్లు కట్టే పని తప్పుతుంది. చీర కుచ్చిళ్ల మాటున, పంచె అంచు మాటున దాగిన ఈ బాధను ఇంట్లోవారు కూడా అడిగి తెలుసుకోవాలి. ముసలితనాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ముసలితనం పేరు చెప్పి కాలిని పుండుకు వదిలేయడం మాత్రం ఆపగలరు.