మైలేజీ పోటీలో కిరాణా సంచి

లీటరుకు నూరు కిలోమీటర్లు లాగించానని ఎవరైనా కప్పు చూపిస్తే నేనడిగేది ఒకటే: ఎంతసేపట్లో? మైలేజీ పోటీల్లో గెలుపు చాలాసార్లు నిబంధనల కంతల్లోంచే దూరి వస్తుంది. టాప్ గేరులో 30 దాటకుండా నత్తనడక నడపడం, పల్లం రాగానే ఇంజిన్ ఆపి జారడం, గాలి తగలకుండా లారీ వెనక నక్కడం. మొదటిది ఓపిక అనుకుందాం. మిగతా రెండూ మన హైవే మీద చేస్తే ఆసుపత్రే.

సూళ్లూరుపేటలో ఏ షోరూమైనా పోటీ పెడితే చోటు వెతకనక్కర్లేదు. అటకానితిప్ప మీదుగా శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోయే రోడ్డుంది. ఎత్తుపల్లాలు లేవు గనుక జారుడు విద్య సాగదు. ఉన్నదల్లా గాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక పోయేవాడికి ఎదురు, వచ్చేవాడికి తోడు. అందుకే రానూపోనూ కలిపి లెక్కకట్టాలి, అందర్నీ ఒకే పూట పంపాలి. (ఫ్లెమింగోలొచ్చే నెలల్లో మాత్రం వద్దు, రోడ్డంతా చూసే జనమే.) వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. 40, 45 మధ్య వణక్కుండా పట్టిన యాక్సిలరేటర్, అదను చూసి మార్చే గేరు, బ్రేకు అవసరం రాకుండా ముందుచూపు, టైర్లలో సరైన గాలి. నేర్పంటే అదీ.

కొలతలో మరో తిరకాసు. సైడ్ స్టాండ్ మీద ట్యాంకు ఒకలా నిండుతుంది, సెంటర్ స్టాండ్ మీద ఇంకోలా. పైగా 10 డిగ్రీల వేడి పెరిగితే పెట్రోలు దాదాపు 1 శాతం ఉబ్బుతుంది. గెలుపోటములు అంతకన్నా తక్కువ తేడాతోనూ తేలొచ్చు. కాబట్టి లీటర్లు కాదు, తూకం వెయ్యాలి. పెట్రోలులో కలిపే ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ గనుక అందరికీ ఒకే డబ్బాలోంచి పొయ్యాలి.

మనిషి బరువు మాటేమిటి? షెల్ ఎకో-మారథాన్ అనే మైలేజీ పోటీలో నడిపేవాళ్లకు కనీస బరువుంది, తగ్గితే అదనపు బరువు పెడతారు. అమెరికాలో క్రెయిగ్ వెట్టర్ 1980లలో మోటార్‌సైకిళ్లకు ఇంధన పొదుపు పోటీలు నడిపాడు. హైవే వేగం అందుకోవాలన్నాడు. తర్వాతి రోజుల్లో నాలుగు సంచుల కిరాణా సరుకు కూడా మోయమన్నాడు. నాకు నచ్చిన నిబంధన ఇదే. శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టుకు బండి మీద ఇద్దరేసి పోయే ఊళ్లో బక్కపిల్లాడొక్కడే నడిపిన అంకె ఎవరికి కావాలి? వెనక ఒక మనిషి, ముందొక సంచి, గంటలో తిరిగి రావాలి, ఇంజిన్ ఆపితే ఔట్.

షోరూము బ్యానర్ మీద గెలిచినవాడి అంకెతోపాటు ఆఖరున వచ్చినవాడిదీ వెయ్యండి. బండి కొనేవాడికి దక్కేది ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది.