పాత కంప్యూటరును పాత సామానుకు వేయకండి

విండోస్ 10కు కంపెనీ మామూలుగా ఇచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే యంత్రంలో కొత్తరకం చిప్పు ఉండాలి. కనుక శుభ్రంగా నడుస్తున్న కంప్యూటరును మూలన పెట్టి కొత్తది కొనమనే సలహా బెజవాడ నుంచి దివిసీమ దాకా వినవస్తున్నది. పల్లెలో జిరాక్సు కొట్టు పెట్టుకున్నవాడు ఆ డబ్బు ఎక్కడ తేవాలి?

దీనికి లినక్సు ఉన్నది. ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టినది. ఉచితంగా తెచ్చుకోవచ్చు, కాపీ తీసి పొరుగువారికి ఇవ్వవచ్చు. అయితే ఆ పేరెత్తగానే "దానిలో నెట్టు కలవదండీ" అనేవారు మన డెల్టాలో నేటికీ ఉన్నారు. ఆ అపవాదు డయలప్ రోజులనాటిది.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టును విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు టెలిఫోను తీగే ఆధారం. మోడెం కీచుమంటూ కలిసేది, నెట్టు నడిచినంతసేపు ఇంటి ఫోను ఎంగేజు. విండోస్‌లో నెంబరు, పేరు, పాస్‌వర్డు కొడితే సరిపోయేది. లినక్సులో మోడెం ఏ పోర్టుకు ఉన్నదో చూపాలి, డయల్ చేసే ఆజ్ఞలు రాయాలి, పీపీపీ అనే ప్రోగ్రామును నడపాలి. పైగా మన ఎక్స్ఛేంజీ డయల్ టోను కొన్ని మోడెములకు అంతుపట్టేది కాదు. టోను కోసం ఆగకుండా డయల్ చేయమని 'ఎక్స్ 3' అనే ఆజ్ఞ చేర్చితేగాని కదిలేవి కావు. ఆ రెండక్షరాల ముక్క తెలుగులో చెప్పిన పుస్తకం పల్లెవాడి చేతికి అందితేగా! తర్వాత డబ్ల్యువీడయల్ అనే ప్రోగ్రాము వచ్చి, మోడెమును తానే వెదికి, ఈ బాధను చాలావరకు తగ్గించింది.

అసలు దోషం లినక్సుది కాదు. కంప్యూటరు లోపల బిగించి చౌకగా అమ్మిన మోడెములు చాలావరకు సగం మోడెములే. మిగతా సగం పనిని విండోస్‌కు మాత్రమే రాసిన ప్రోగ్రాము చేసేది. వాటికి విన్‌మోడెములని పేరు. వాటి లోగుట్టు చాలా కంపెనీలు బయటపెట్టలేదు. సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెం కొన్నవారికి ఈ చిక్కు లేదు గాని, ధర ఎక్కువ. ఈ తేడా ముందుగా చెప్పి అమ్మిన దుకాణదారులు ఎందరు?

ఇప్పుడా తంటా లేదు. అమెరికాలో ఏవోఎల్ సైతం 2025 సెప్టెంబరు 30న డయలప్‌ను మూసివేసింది. నేడు ఫైబరు పెట్టె నుంచి తీగ తెచ్చి గుచ్చితే లినక్సు ఏమీ అడగకుండానే కలుస్తుంది. సెల్‌ఫోను నెట్టును యూఎస్‌బీ తీగతో అందించినా సాధారణంగా అంతే. తెలుగులో టైపు కూడా చేసుకోవచ్చు.

కాగా విన్‌మోడెం బుద్ధి ఇంకా పోలేదు. కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు లినక్సుతో పనిచేయవు. బడులకు, పంచాయతీలకు యంత్రాలు కొనే అధికారులు, లినక్సుపైనా పనిచేయాలన్న షరతును టెండరులోనే పెట్టాలి. సర్కారు అడిగితే కంపెనీలు దిగివస్తాయి, జిరాక్సు కొట్టువాడు అడిగితే రావు.

ఈలోగా తొందరపడి కంప్యూటరు అమ్మకండి. లినక్సును పెన్‌డ్రైవులో వేసి, హార్డ్ డిస్కును ముట్టకుండానే నడిపి చూడవచ్చు. నెట్టు, ప్రింటరు, తెలుగు మూడూ పనిచేస్తే, మీ ఫైళ్లను వేరేచోట దాచుకొని అప్పుడు ఎక్కించండి. వేలిముద్ర యంత్రంతోనే జీవనం సాగే కొట్టువారు మాత్రం అది కూడా పనిచేస్తుందో లేదో చూసుకునేదాకా ఆగడం మంచిది.