గేర్లు లేని కారుకీ జ్వరమొస్తుంది

"గేర్లు లేవు మేడమ్, క్లచ్చు లేదు. తొక్కితే వెళ్తుంది, వదిలితే ఆగుతుంది. ఆడవాళ్లకి బంగారం లాంటి బండి!"

కారు కొన్నప్పుడు షోరూము అబ్బాయి నాతో అన్న మాటలు ఇవే. ఆయిలు, వారంటీ, సర్వీసు గురించిన కబుర్లన్నీ మావారి వైపు తిరిగి చెప్పాడు. బండితో వచ్చే పుస్తకం కూడా ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన దాన్ని బీరువాలో నా పట్టుచీరల కింద భద్రంగా దాచారు. బండి నడిపేది మాత్రం నేను!

మూడేళ్లపాటు విజయనగరం వీధుల్లో ఆ అబ్బాయి మాట నిజమేననిపించింది. నాకు తెలియనిదేమిటో నిరుడు కార్తీకంలో కొండ దగ్గర తెలిసింది.

మా ఆడపడుచు శృంగవరపుకోట అవతల కొండ మీది ఊళ్లో టీచరు. ఆవిణ్ణి దింపడానికి బయల్దేరాం. కార్లో ఐదుగురం, డిక్కీలో బియ్యం బస్తా, గ్యాస్ పొయ్యి, పరుపు. తారు రోడ్డు కొండ మొదట్లోనే అయిపోయింది. ఆపైన ఎర్రమట్టి, గులకరాళ్లు. ముందురోజే వాన. ఒక ఎత్తు దగ్గర చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి. తొక్కితే వెళ్తుందన్నాడు కదా, తొక్కాను. వెళ్లలేదు. ఇంకా తొక్కాను. మాడు వాసన, ఆ వెంటనే ఎదురుగా పసుపు దీపం... గేరుబాక్సు వేడెక్కిందట!

"కట్టెయ్, కట్టెయ్!" అన్నారు మావారు. కట్టేశాను. "కొండెక్కించడం నీవల్ల కాదు చెల్లెమ్మా, తాళాలిలా ఇయ్యి" అన్నారు వెనక సీట్లోంచి మా ఆడపడుచు భర్త. ఇచ్చేశాను. ఇప్పటికీ నా బాధ అదే. బండి ఆగినందుకు కాదు, మారుమాట లేకుండా తాళాలు ఇచ్చేసినందుకు. తిరుగు ప్రయాణంలో అన్నయ్యగారు కొండ దిగినంతసేపూ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. దానికి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు!

మర్నాడు మా వీధి చివరి మెకానిక్కు దగ్గరికి నేనే వెళ్లాను. అంతా విని నవ్వాడు. "ఇంజిను ఆపీసినారేటమ్మా? ఆయిలు తిరిగితే కదా సల్లారుతాది!"

ఆ తర్వాత పట్టుచీరల కింద నుంచి పుస్తకం తీసి చదివాను. చదివితే ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది చూడండి, మా బండి గేరుబాక్సు ముందుభాగం అలాంటిదే. గాలి బదులు అందులో ఆయిలుంటుంది. మామూలు రోడ్డు మీద రెండూ ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతాయి. ఎత్తులోనో బురదలోనో బండి కదలక మనం తొక్కుతుంటే, ఇంజను వైపుది గిరగిరా, చక్రాల వైపుది నత్తనడకన. ఆ తేడా అంతా వేడవుతుంది. గట్టి కొబ్బరిపచ్చడి మిక్సీలో వేస్తే జారు మొరాయించి మోటారు వాసన రాదూ! పైగా బండి నెమ్మదిగా పోతుంటే ఆయిలు చల్లార్చే జాలీకి ఎదురుగాలి తగలదు. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల దగ్గరుండే ఆయిలు 120 దాటితే త్వరత్వరగా చెడిపోతుంది. ఎర్రటిది నల్లబడి మాడు వాసనేస్తుంది.

కాబట్టి నేను చేయాల్సిందేమిటి? దీపం వెలగక్కర్లేదు, చక్రాలు తిరగడం మొదలవగానే యాక్సిలరేటరు వదిలెయ్యాలి. అందర్నీ దింపి (ముందుగా అన్నయ్యగార్ని!) చక్రాల కింద రాళ్లో కొమ్మలో వేసి, ఎల్‌లో అంటే చిన్న గేరులో పెట్టి నెమ్మదిగా ఎక్కించాలి. దీపం వెలిగిందంటే హ్యాండ్ బ్రేకు వేసి, ఎన్‌లో పెట్టి, ఇంజను ఆపకుండా కాసేపు వదిలెయ్యాలి. ఇంజను తిరిగితేనే ఆయిలు తిరుగుతుంది. ఇంజను వేడి ముల్లు కూడా ఎర్రగీత చేరితే అది వేరే జబ్బు, అప్పుడు కట్టెయ్యాల్సిందే. దిగేటప్పుడూ చిన్న గేరే. బ్రేకులకి ఆ భారం తప్పుతుంది.

మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే చవక ఆటోమేటిక్‌లలో ఈ ఆయిలు ఫ్యాన్ల కథ లేదు. మామూలు గేరుబాక్సే, మన కాలు బదులు చిన్న యంత్రం క్లచ్చు నొక్కుతుంది. వాటిని ఎత్తు మీద యాక్సిలరేటరుతో నిలబెడితే క్లచ్చు ప్లేటు కాలిపోతుంది, బ్రేకుతోనే ఆపాలి. మీ బండి ఏ రకమో మీకు తెలుసా? నాకు మూడేళ్లు తెలియదు.

తేలిక వస్తువు ఇస్తున్నాం కనక మీకు తెలుసుకునే పని లేదనడం మన దగ్గరే చూస్తాం. మగవాళ్లకీ ఇదే బండి అమ్ముతారు, బానెట్టెత్తి చూపించి మరీ. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన కారులో, ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని నూరు కిలోమీటర్ల పైచిలుకు వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. ఎత్తులు వచ్చినచోట పిల్లలు దిగి బండి తోశారు. ఇంటికొచ్చాక కొండలెక్కడానికి ఇంకో గేరు పెట్టమని భర్తకి చెప్పింది. కారుకి చిన్న గేరు కావాలని అడిగింది ఒక ఇల్లాలు! ఆ గేరు మన బండిలో ఉందని మనకే ఎవరూ చెప్పరు.

కారు కొనడానికి వెళ్తే ఆ పుస్తకం మీ చేతికిమ్మని అడగండి. ఏ రకం గేరుబాక్సు, వేడెక్కితే ఏ దీపం వెలుగుతుంది, కొండల్లో తిరిగితే ఆయిలు ఎప్పుడు మార్చాలి, అన్నీ మీరే అడగండి. జీవితాంతం మార్చక్కర్లేదంటే ఒక పట్టాన నమ్మకండి. ఎవరి జీవితాంతమో కనుక్కోండి.

మొన్న మాఘంలో మళ్లీ ఆ కొండెక్కాం. అన్నయ్యగారు చెయ్యి చాచారు. "వద్దన్నయ్యగారూ, మీరు ఆ ఎత్తు దగ్గర దిగి నడిచి రండి" అన్నాను. మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకున్నారు. ఆయనా దిగాల్సొచ్చింది.