చేతిలో పనుంది... కాగితమే లేదు!

హనుమకొండలో నక్కలగుట్ట, బాలసముద్రం, నయీంనగర్ వైపు వెళ్తే అడుగడుగునా ఆసుపత్రి బోర్డులే. ఆపరేషన్ అనగానే సర్జన్ ఎవరు, మత్తు డాక్టర్ ఎవరు అని అడుగుతాం. పొద్దున్నే వచ్చి పరికరాలను ఆటోక్లేవ్‌లో పెట్టి, టేబుల్ సిద్ధం చేసి, డాక్టర్ చేయి చాచేలోపే కావాల్సిన ఫోర్సెప్స్ అందించే మనిషి గురించి మాత్రం ఎవరూ అడగరు. ఆయనే ఓటీ టెక్నీషియన్. ఈ పనిలో ఉన్నవారిలో పదో తరగతి, ఇంటర్ తర్వాత హెల్పర్‌గా చేరి, సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకున్నవారు చాలామందే ఉన్నారు. వారికి పని వచ్చు. సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు చట్టం అడుగుతున్నది ఆ సర్టిఫికెట్‌నే.

చట్టం ఏమంటోంది?

అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో జాతీయ కమిషన్ చట్టాన్ని తెచ్చింది. ఓటీ టెక్నాలజిస్టులు, అనస్థీషియా టెక్నాలజిస్టులు కూడా దాని పరిధిలోకి వస్తారు. అమలులో జాప్యం జరగడంతో, రెండు నెలల్లో అమలు చేయాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు గడువు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ సహా పది విభాగాలకు దేశమంతటికీ ఒకే తరహా సిలబస్ విడుదలైంది.

ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య నిపుణుడు అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. అది రెండు నుంచి నాలుగేళ్లలో పూర్తయ్యే కోర్సు కావాలి. మరి రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు, 15 ఏళ్లు థియేటర్‌లో నిలబడిన మనిషి 36,000 గంటలు పనిచేసినట్టు. కానీ ఈ నిర్వచనంలో లెక్కకు వచ్చేవి కోర్సు గంటలే.

అనుభవం ఒక్కటే చాలదా?

చాలదు. ఒక్క ఉదాహరణ చూద్దాం. లాప్రోస్కోపీ పరికరాలను 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టడం చాలాచోట్ల అలవాటు. దాంతో చాలా సూక్ష్మజీవులు చస్తాయి కానీ, మొండి స్పోర్లు పూర్తిగా పోవు. అవి కూడా పోవాలంటే దాదాపు 10 గంటలు ఉంచాలి. ఆ తర్వాత మామూలు కుళాయి నీళ్లతో కడిగితే చేసిందంతా వృథా. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టిన చోట వారాల తర్వాత చీము పట్టి, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని మైకోబ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు రావడానికి ఇదో ముఖ్య కారణం. ‘ఇలా చేయాలి’ అన్నది అనుభవం నేర్పుతుంది. ‘ఎందుకు ఇలాగే చేయాలి’ అన్నది చదువు నేర్పుతుంది. నేర్పిన సీనియర్‌కే తెలియకపోతే ఆ తప్పు తరం నుంచి తరానికి పాకుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్ మరో ఉదాహరణ. రోగిని థియేటర్ నుంచి పంపేముందు పరికరాలు, గాజు గుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందని పైకి చెప్పాలన్నది అందులో ఒక అంశం. ఢిల్లీ సహా 8 నగరాల ఆసుపత్రుల్లో ఈ చెక్‌లిస్ట్‌ను అమలు చేసినప్పుడు ఆపరేషన్ అనంతర మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ‘సార్, ఒక గుడ్డ తక్కువుంది’ అని సర్జన్‌కు చెప్పాలంటే ధైర్యం కావాలి. ఆ మాటకు బలం గుర్తింపుతోనే వస్తుంది.

ఆన్‌లైన్ దారి ఉందా?

అమెరికాలోనూ ఈ చిక్కు వచ్చింది. అక్కడ సర్జికల్ టెక్నాలజిస్టులకు ఉన్న సీఎస్‌టీ పరీక్ష రాయాలంటే సాధారణంగా గుర్తింపు పొందిన కోర్సు చేసి ఉండాలి. ఉద్యోగంలోనే పని నేర్చుకున్నవారి కోసం కొన్ని కాలేజీలు పాఠాలను ఆన్‌లైన్‌లో చెప్పే ప్రత్యేక కోర్సు నడుపుతున్నాయి. చేతిపనిని మాత్రం తెర మీద కాదు, థియేటర్‌లోనే నిరూపించుకోవాలి.

మన దగ్గర అనుబంధ ఆరోగ్య కోర్సులను ఆన్‌లైన్, దూరవిద్య విధానంలో నడపవద్దని యూజీసీ 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి నిలిపివేసింది. ఇది సరైన నిర్ణయమే. థియేటర్ ముఖం చూడని విద్యార్థికి ఫోన్‌లో పాఠాలు చెప్పి డిగ్రీ ఇవ్వడం ప్రమాదం. కానీ పదిహేనేళ్లుగా థియేటర్‌లోనే ఉన్న మనిషి సంగతి వేరు. ఆయనకు కొరవడింది సిద్ధాంతమే. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం వల్లే సమస్య. రెండేళ్లు జీతం వదులుకుని కాలేజీకి వెళ్లడం కుటుంబం ఉన్నవారికి కుదిరే పని కాదు.

స్కిల్ ఇండియా కింద పాత అనుభవాన్ని గుర్తించే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ ఉంది. అయితే అది నైపుణ్యానికి గుర్తింపే తప్ప 2,000 గంటల డిప్లొమాతో సమానం కాదు. ఈ రెంటి మధ్య వంతెన కావాలి. సూక్ష్మజీవశాస్త్రం, స్టెరిలైజేషన్, అనాటమీ, రోగి భద్రత పాఠాలు సాయంత్రం ఆన్‌లైన్‌లో, తెలుగులో చెప్పవచ్చు. కేసుల లాగ్‌బుక్ మీద సర్జన్ సంతకం ఉండాలి. చివరి పరీక్ష బోధనాసుపత్రి థియేటర్‌లో, బయటి పరీక్షకుల ముందు జరగాలి. ఫెయిలైతే ఫెయిలే. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాకతీయ మెడికల్ కాలేజీ, ఎంజీఎం ఆసుపత్రి ఉన్న ఓరుగల్లు కంటే ఇలాంటి ప్రయోగానికి అనువైన చోటు ఏముంటుంది?

అంతవరకు ఏం చేయాలి?

టెక్నీషియన్లు: ‘నెలలో ఓటీ డిప్లొమా’ ప్రకటనలకు డబ్బు కట్టకండి. ఫీజు కట్టేముందు ఆ కోర్సుకు తెలంగాణ పారామెడికల్ బోర్డు లేదా విశ్వవిద్యాలయం గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. పనిచేసిన ప్రతి ఆసుపత్రి నుంచీ అనుభవ పత్రం తీసుకోండి. కేసుల వివరాలను, రోగుల పేర్లు లేకుండా, ఒక పుస్తకంలో రాసుకోండి.

ఆసుపత్రులు: సర్టిఫికెట్ లేదన్న సాకుతో తక్కువ జీతానికి పని చేయించుకోవడం మాని, చదువుకోవడానికి వారానికి ఒక పూట వెసులుబాటు ఇవ్వండి.

రోగుల బంధువులు: ఆపరేషన్‌కు ముందు పరికరాలను ఎలా స్టెరిలైజ్ చేస్తారో, థియేటర్‌లో చెక్‌లిస్ట్ పాటిస్తారో లేదో అడగండి. అది మీ హక్కు.