కోట పడినదా? నిలిచినదా?

మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండ దుర్గాన్ని చూచినవారికి అది ఒక కోట కాదు, రెండు కోటలని తెలియును. కొండ పాదాన దిగువకోట, శిఖరాన ఎగువకోట. 1791లో, మూడవ మైసూరు యుద్ధకాలంలో, నిజాము సేనలు ఇంగ్లీషువారి ఫిరంగుల సాయంతో ఈ దుర్గాన్ని ముట్టడించాయి. నవంబరులో దిగువకోట పట్టుబడినది. ఎగువకోట లొంగలేదు. సంవత్సరాంతాన టిప్పు కుమారుడు ఫతే హైదరు సేనతో వచ్చి ముట్టడిదారులను చెదరగొట్టాడు. ఆ దినాలలో ఒక వార్తాహరుడు హైదరాబాదుకు పోయి “గుర్రంకొండ పడినది” అని చెప్పి ఉంటే అది అబద్ధం కాదు. మరొకడు శ్రీరంగపట్టణానికి పోయి “గుర్రంకొండ నిలిచినది” అని చెప్పి ఉంటే అదియు అబద్ధం కాదు. ఇద్దరూ తాము చూచిన సగమే చెప్పినవారగుదురు. ఆ సగాన్ని నిండు సత్యమని నమ్మినవారే మోసపోవుదురు. చివరకు 1792 సంధిలో ఆ సీమ నిజాము వంతుకు పోయినది. ఎనిమిదేండ్ల తరువాత, 1800లో, నిజాము దానిని కంపెనీకి ఒప్పగించాడు.

యుద్ధవార్తలను చదివే విధానం ఏమిటన్న ప్రశ్న నేడు ప్రతి పాఠశాలలోను, ప్రతి ఇంటిలోను తలయెత్తుచున్నది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు ఆ దేశంలో వైద్యవిద్య నభ్యసించుచున్న తెలుగు విద్యార్థుల తలిదండ్రులు రాత్రింబగళ్లు చేతిఫోనులను పట్టుకొని కూర్చున్నారు. ఖార్కీవ్ పడినదని ఒక వార్త. పడలేదని మరొక వార్త. సరిహద్దు తెరిచి ఉన్నదని ఒకటి, మూసివేశారని ఇంకొకటి. మార్చి 1న కర్ణాటక రాష్ట్రానికి చెందిన ఒక భారతీయ విద్యార్థి ఖార్కీవ్ నగరంలో ప్రాణాలు కోల్పోయాడు. ఏ వార్తను నమ్మవలెను, ఎప్పుడు కదలవలెను అన్నది ఆ దినాలలో పండితుల చర్చ కాదు, ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం.

ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుటకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకంటె తగిన పాఠశాల వేరొకటి అక్కరలేదు. మైసూరు పీఠభూమికి, కర్ణాటక నవాబు మైదానానికి నడుమ ఉన్న మెట్టసీమ ఇది. మదనపల్లె గుర్రంకొండ సీమలోనిది. పుంగనూరు పాలెగాళ్ల రాజధాని. కుప్పం పరిసరాలు కంగుంది పాలెపు నేల. పద్దెనిమిదవ శతాబ్దిలో మరాఠాలు, మైసూరువారు, నవాబు, నిజాము, ఇంగ్లీషువారు అందరూ ఈ కనుమలగుండా రాకపోకలు సాగించినవారే. వచ్చిన ప్రతి సేనయు తాను రక్షించుటకు వచ్చితినని చెప్పినదే. గడ్డివాములు, ధాన్యపు పాతరలు పోగొట్టుకొన్న రైతుకు మాత్రం పరసేన అన్నది ఒక్కటే.

1782 డిసెంబరు 7న చిత్తూరుకు సమీపాన నరసింగరాయనిపేట దండులో హైదరాలీ మరణించాడు. కుమారుడు టిప్పు అప్పుడు దూరాన మలబారు తీరంలో యుద్ధంలో ఉన్నాడు. మరణవార్త పొక్కితే సేన చెదరిపోవునని పూర్ణయ్య మొదలైన మంత్రులు దానిని గుప్తంగా ఉంచారు. నవాబు జబ్బుపడినాడని చెప్పి దండును యథాప్రకారం నడిపించారు. శరీరాన్ని పెట్టెలో ఉంచి, ధనపు పెట్టె వలె కావలి పెట్టి, కోలారుకు పంపారు. చెన్నపట్టణంలోని గవర్నరు మెకార్ట్నీకి వార్త చేరినది. వెంటనే దాడి చేయుమని సేనాని స్టూవర్టును తొందరపెట్టాడు. స్టూవర్టు ఆ వార్తను నమ్మలేదు. ఒకవేళ నిజమే అయినను సేన తగిన సమయానికి సిద్ధమగునని బదులు పలికాడు. ఇంతలో టిప్పు వచ్చి సేనాధిపత్యం వహించాడు. ఒకవైపు అబద్ధపు వార్త ఒక రాజ్యాన్ని నిలిపినది. మరొకవైపు నిజమైన వార్త నమ్మకం దొరకక వ్యర్థమైనది. వార్త సత్యమగుట ఒకటి, నమ్మబడుట మరొకటి అని దీనివలన తేటపడుచున్నది.

ఇక స్థానిక ప్రతిఘటన మాట. 1801 జూలై 31న జరిగిన ఒప్పందంతో కర్ణాటక నవాబు రాజ్యపాలన కంపెనీ చేతికి వచ్చినది. చిత్తూరు ప్రాంతపు పాలెగాళ్లు పేష్కషు విషయంలోను, తరతరాలుగా అనుభవించుచున్న కావలి హక్కుల విషయంలోను క్రొత్త ప్రభువులతో సరిపడలేదు. 1804లో వారు తిరుగబడ్డారు. కంపెనీ సేనలు కొండలలో, అడవులలో వారిని తరిమి అణచివేశాయి. పలు పాలెములు జప్తు అయినవి. ఈ కథకు మనకున్న వ్రాతపత్రాలు చాలవరకు గెలిచినవారు వ్రాసుకొన్నవి. వారి లేఖలలో పాలెగాడు “తిరుగుబాటుదారు”. అతని అనుచరులు “దోపిడిగాండ్రు”. పల్లె వాడుకలో అతడే వీరుడు. ఇందులో ఏ మాటయు ఊరక పడినది కాదు. మనిషికి పేరు పెట్టిననాడే తీర్పు సగం చెప్పినట్లగును.

అయితే పల్లె వాడుకను ప్రశ్నింపక నెత్తికెత్తుకొనుట కూడ న్యాయం కాదు. పాలెగాడు కావలి పేర వసూలు చేసిన రుసుము రైతు చేతినుండి పోయినదే. అతని పతనానికి కన్నీరు పెట్టినవారున్నట్లే ఊపిరి పీల్చుకొన్నవారును ఉండవచ్చును. పరసేనను ఎదిరించుట గౌరవింపదగిన కార్యమే. అంతమాత్రాన ఎదిరించినవానిని గూర్చి చెప్పిన ప్రతి కథయు సత్యం కాజాలదు. నేటి యుద్ధాల విషయంలో చదువరులు ఎక్కువగా తడబడుచున్నది ఇక్కడనే.

ఉక్రెయిన్ ప్రజల ప్రతిఘటన కట్టుకథ కాదు. శత్రుసేనకు దారి తెలియకుండ రోడ్లపై ఊరిపేర్ల పలకలను తొలగించారు. 2022 మార్చి ఆరంభంలో రష్యా సేనల వశమైన ఖెర్సన్ నగరంలో పౌరులు నిరాయుధులై వీధులలోనికి వచ్చి సాయుధుల యెదుట నినాదాలు చేశారు. ఆ నగరానికి ఉక్రెయిన్ సేన నవంబరు 11న తిరిగివచ్చినది. కాని అదే దేశంనుండి వెలువడిన కొన్ని వార్తలు నిలువలేదు. నల్లసముద్రంలోని సర్పద్వీపంలో పదముగ్గురు సైనికులు లొంగక ప్రాణాలర్పించారని మొదట ప్రకటించారు. కొలది దినాలకే వారు బందీలై జీవించి ఉన్నారని ఉక్రెయిన్ నౌకాదళమే తెలిపినది. కీవ్ ఆకాశాన శత్రువిమానాలను ఒంటిగా కూల్చుచున్నాడని ప్రచారమైన వైమానికుడు ఒక వ్యక్తి కాడని, జనం కల్పించుకొన్న వీరమూర్తి అని ఆ దేశపు వైమానికదళమే ఏప్రిలు నెలాఖరున చెప్పవలసి వచ్చినది.

రష్యా పక్షాన జరిగినది వేరు విధం. దండయాత్రను యుద్ధమనరాదని, “ప్రత్యేక సైనిక చర్య” అనవలెనని శాసించారు. 2022 మార్చి 4న చేసిన చట్టం ప్రకారం సైన్యాన్ని గూర్చి “అసత్య సమాచారం” ప్రకటించినవారికి పదునైదేండ్లవరకు కారాగారశిక్ష పడవచ్చును. ఏప్రిలు 14న మాస్క్వా అను పెద్ద యుద్ధనౌక మునిగినప్పుడు అగ్నిప్రమాదమని రష్యా అన్నది, తమ క్షిపణులు తాకినవని ఉక్రెయిన్ అన్నది. బూచా పట్టణపు వీధులలో పౌరుల శవాలు బయటపడినప్పుడు, రష్యా సేనలు వెడలిపోయిన పిమ్మట వాటిని ఎవరో తెచ్చిపెట్టారని రష్యా వాదించినది. కాని ఆ సేనలు పట్టణంలో ఉన్న మార్చి నెలలోనే అవే వీధులలో శవాలు పడి ఉన్నట్లు ఉపగ్రహ ఛాయాచిత్రాలు చూపాయి.

ఈ ఉదాహరణలను ఒకచోట పేర్చి “ఇరువురూ అబద్ధాలాడినవారే” అని చేతులు దులుపుకొనుట సులభం. అది వివేకం కాదు, సోమరితనం. సర్పద్వీపపు వార్త తప్పని తెలియజేసినది దానిని ప్రకటించిన పక్షమే. బూచా విషయంలో అట్టి సవరణ రాలేదు; సాక్ష్యం బయటివారు తీయవలసి వచ్చినది. తప్పు చెప్పి దిద్దుకొనుటకును, నిజం చెప్పినవానిని చెరలో పెట్టుటకును భేదమున్నది. రెండు వార్తలు విరుద్ధంగా ఉన్నప్పుడు సత్యం ఎల్లప్పుడు వాటి నడుమనే ఉండదు. ఒక్కొక్కప్పుడు ఒక పక్షానే ఉండును. అది ఏ పక్షమో సాక్ష్యమే తేల్చవలెను.

పరదేశాల మాట అటుంచి సొంత ఇంటివైపు చూచినను పాఠం మారదు. 2025 మే మాసంలో భారత పాకిస్తానాల మధ్య నాలుగు దినాల సంఘర్షణ జరిగినప్పుడు, కరాచీ నౌకాశ్రయం ధ్వంసమైనదని మన దేశపు కొన్ని టెలివిజన్ ఛానళ్లు ఒక రాత్రి చాటాయి. తెల్లవారేసరికి అది నిజం కాదని తేలినది. సరిహద్దుకు ఆవలినుండి వెలువడిన అబద్ధాలకు లెక్క లేకపోవచ్చును. అది మన అబద్ధానికి సమర్థన కాజాలదు. అదే దినాలలో మదనపల్లెకు పొరుగుననే ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన యువ సైనికుడొకడు సరిహద్దున వీరమరణం పొందాడు. కల్పిత విజయాన్ని చాటినవారు అట్టి నిజమైన త్యాగం విలువను పెంచలేదు, తగ్గించారు.

ఉపాధ్యాయులు చేయదగిన పని ఇక్కడ ఉన్నది. యుద్ధవార్తను తరగతిలో చదివినప్పుడు కొన్ని ప్రశ్నలు వేయించవలెను. ఈ సంగతిని కండ్లార చూచినదెవరు? చెప్పినవానికి, చూచినవానికి నడుమ ఎందరున్నారు? వార్త తప్పయితే దిద్దు అలవాటు ఆ పత్రికకు ఉన్నదా? “వీరుడు”, “ఉగ్రవాది”, “విమోచన”, “ఆక్రమణ” అన్న మాటలను తొలగిస్తే వాక్యంలో మిగిలిన సమాచారమెంత? ఈ వార్త నిజమని నమ్మవలెనన్న కోరిక చదివేవాని మనస్సులో ముందే ఉన్నదా? చివరి ప్రశ్నయే కఠినమైనది. శత్రువు అబద్ధాన్ని పట్టుకొనుట ఎవరికైనను చేతనగును. తనకు ఇష్టమైన అబద్ధాన్ని పట్టుకొనుటకే చదువు కావలెను.

కుప్పం విద్యార్థికి మరొక సౌకర్యమున్నది. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే చోట అతడు పెరుగుచున్నాడు. ద్రావిడ భాషలను దృష్టిలో ఉంచుకొనియే 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసినది. ఒకే దినపు యుద్ధవార్తను మూడు భాషల పత్రికలలో చదివి, ఏది కలిసినది, ఏది విడిపోయినది గుర్తించుటకు అతనికి ఖర్చు లేదు, ప్రయాణం లేదు. పుంగనూరు, మదనపల్లె విద్యార్థులు ఊరి పెద్దల నోట పాలెగాళ్ల కథలను వ్రాసుకొని, జిల్లా గెజిటీరులోని కథనం పక్కన పెట్టి చూడవచ్చును. రెండింటి నడుమ కనబడే వెలితియే చరిత్ర పాఠానికి మొదటి పుట.

గుర్రంకొండ పడినదా, నిలిచినదా అని అడిగిన బాలునికి “ఏ కోట? ఏ దినాన? ఎవరు చెప్పగా?” అని ఎదురుప్రశ్న వేయగల ఉపాధ్యాయుడు ఒక్కడున్న ఊరిలో వదంతి అంత సులభంగా ఇల్లు కట్టుకొనజాలదు.