సమ్మెట ఎత్తే చేతిని ఏమని పిలుస్తారు?

కొలిమి మగవాళ్ళ పని అని ఎవరన్నా నేను ఒప్పుకోను. మన ఉద్దానంలో మిగిలిన ఏ పాత కొలిమి దగ్గరైనా ఒక పూట నిలబడి చూడండి. పట్టకారుతో ఇనుము పట్టుకుని దాగలి ముందు కూర్చునేది మగవాడే. కానీ ఎదురుగా నిలబడి సమ్మెట ఎత్తి దించేది చాలా చోట్ల అతని భార్య. అంతకు ముందు చక్రం తిప్పి నిప్పు రాజేసిందీ ఆవిడే. ఊళ్ళో మాత్రం అతన్ని కమ్మరి అంటారు, ఆవిణ్ణి కమ్మరోళ్ళ కోడలు అంటారు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా బంధువుల కుర్రాడొకడు పది మంది స్నేహితుల్ని తీసుకొచ్చి మా పక్క ఊరి కొలిమిలో ఒక రోజు వర్క్‌షాప్ పెడతానన్నాడు. సరదా ఉన్నవాళ్ళు వచ్చి, తలా ఒక ఇనప ముక్క కాల్చి, సాగగొట్టి, కొక్కెమో చిన్న కత్తో చేసుకుని పట్టుకెళ్తారట. ఆలోచన మంచిదే. బజారులో అన్నీ తయారుగా దొరికే రోజుల్లో, ఒక వస్తువు ఎలా పుడుతుందో చేత్తో తెలుసుకోవాలనుకోవడం మెచ్చుకోవలసిందే. ఏర్పాట్లన్నీ రాసుకొచ్చి చూపించాడు. నేర్పేది కమ్మరి. భోజనాలు కమ్మరి భార్య.

“ఆవిడకి విడిగా ఏమిస్తున్నావురా?” అన్నాను.

“ఆయనకిస్తే ఇద్దరికీ ఇచ్చినట్టే కదా పిన్నీ!” అన్నాడు.

నా గొడవంతా ఆ ఒక్క మాట మీదే. కుర్రాడు చెడ్డవాడు కాదు. ఊరంతా అనేదే వాడూ అన్నాడు.

కాస్త ఆలోచించండి. మొదటిసారి కొలిమికొచ్చిన వాళ్ళు ముందు నేర్చుకోవలసింది ఏమిటి? నిప్పు, దెబ్బ. ఈ రెండూ ఆవిడ పనులే. గాలి తక్కువైతే ఇనుము మొద్దుగా ఉండిపోతుంది, సాగదు. ఎక్కువైతే తెల్లగా కాలి నిప్పురవ్వలు చిమ్ముతుంది. అలా మాడిన ముక్క ఇంక కత్తికి పనికిరాదు. ఎప్పుడు ఊదాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన చెయ్యి ఆవిడది. ఇక సమ్మెట సంగతి. కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ తాకిస్తాడో సరిగ్గా అక్కడే సమ్మెట పడాలి. ఎంత బలంగా అన్నది కూడా ఆ చిన్న దెబ్బను బట్టే తెలుసుకోవాలి. బొటనవేలంత పక్కకి పడితే పట్టకారు పట్టిన చెయ్యి పోతుంది. ఇనుము ఎరుపు దిగకముందే ఇదంతా అయిపోవాలి. దీన్ని ‘చేతి సాయం’ అంటారా? రెండు చేతుల పనిలో రెండో చెయ్యి సాయమెలా అవుతుంది?

పదును పెట్టడం కూడా ఆడవాళ్ళకి అందని విద్యేం కాదు. లారీ కమాను పట్టీతో చేసిన కత్తిని ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులాగా పెళుసెక్కుతుంది. అందుకని అంచు రుద్ది, మళ్ళీ సన్నగా వేడి చూపిస్తారు. మెరిసే అంచు మీద ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. కోసే కత్తికి గడ్డి రంగు, గోధుమ రంగు మధ్యలో ఆపెయ్యాలి. నీలం దాకా పోనిస్తే అంచు మెత్తబడుతుంది. తీగపాకానికీ ఉండపాకానికీ మధ్య క్షణం పట్టుకోగలిగిన కన్ను ఈ రంగుల్ని పట్టుకోలేదంటే నేను నమ్మను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని తాకినప్పుడు కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకున్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. దారుల మీద పడిన చెట్లు నరకడానికి గొడ్డళ్ళు కావాలి, కత్తులకు పదును కావాలి. రోజుల తరబడి కరెంటు లేదు. కొలిమికి బిగించుకున్న కరెంటు ఫ్యాన్లు మూలపడ్డాయి. మళ్ళీ చేతి చక్రాలు తిరిగాయి. వాటిని ఎవరు తిప్పి ఉంటారో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్ళో వాళ్ళ మాట సరే, సర్కారు మాట చూద్దాం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, కమ్మరం వాటిలో ఒకటి. అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు. బాగుంది. కానీ ఒక కుటుంబం నుంచి ఒక్కరే నమోదు కావాలి. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. ఇక ఆ ఒక్క పేరు ఎవరిదవుతుందో ఊహించడం కష్టమా? ఎక్కువ ఇళ్ళకి మేలు అందాలనే ఉద్దేశం అర్థమవుతుంది. డబ్బు ఇంటికి ఒక్కసారే ఇవ్వండి, కాదనను. శిక్షణా, సర్టిఫికెట్టూ ఇద్దరికీ ఇస్తే వచ్చే నష్టమేమిటి? రేపు భర్త చెయ్యి పడిపోతే, ఈ పని నాకూ వచ్చని చూపించడానికి ఆవిడ దగ్గర ఏ కాగితం ఉంది?

పలాసలో జీడిపప్పు పనికెళ్ళే ఆడవాళ్ళని చూడండి. జీడి నూనెకి చేతులు పొక్కుతాయి, కూలి చాలదు, ఆ కష్టం నాకు తెలుసు. అయినా సాయంత్రానికి ఆమె చేసిన పని తూకానికి వస్తుంది, ఆమె పేరున లెక్క పడుతుంది. సొంత కొలిమిలో చేసినదానికి ఆ తూకం కూడా లేదు.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర క్రాడ్లీ హీత్ అనే ఊరుంది. అక్కడ ఆడవాళ్ళు ఇళ్ళ వెనక చిన్న కొలుముల్లో ఇనప గొలుసులు చేసేవారు. గంటకు రెండున్నర పెన్నీల కనీస కూలి ఖరారైనా యజమానులు ఎగ్గొట్టాలని చూస్తే, 1910లో మేరీ మెకార్థర్ నాయకత్వంలో పది వారాలు సమ్మె చేసి సాధించుకున్నారు. పిల్లల్ని కొలిమి పక్కనే పెట్టుకుని సుత్తి కొట్టిన తల్లులు వాళ్ళు. మన దగ్గర ఇది సమ్మెతో తేలే వ్యవహారం కాదు. భర్త మీద సమ్మె ఎవరు చేస్తారు? అందుకే నలుగురం నోరు విప్పాలి.

“ఆవిడే అడగట్లేదు, మీకెందుకు?” అంటారు కొందరు. అడిగితే ఇంట్లో గొడవ, అడగకపోతే ఊళ్ళో పేరు లేదు. అడగకపోవడాన్ని ఇష్టం కింద జమకట్టకండి. “నీకొచ్చా, నేర్పుతావా?” అని ఎవరైనా ఆవిణ్ణి అడిగారా?

కాబట్టి వర్క్‌షాపులు పెట్టేవాళ్ళకి నా మాట. నేర్పేవాళ్ళ జాబితాలో రెండు పేర్లు రాయండి, రెండు చేతుల్లో విడివిడిగా డబ్బు పెట్టండి. ఉదయం నిప్పు, సమ్మెట పాఠం ఆవిడ చెబుతుంది. నైలాన్ బట్టలతో కొలిమి దగ్గరికి రావద్దని, కాళ్ళకి బూట్లు, కళ్ళకి అద్దాలు లేకుండా నిలబడవద్దని కూడా ఆవిడే చెబుతుంది. భోజనం పలాసలో హోటల్ నుంచి తెప్పించుకోండి.

మనకీ ఒక పని ఉంది. ఈసారి కత్తిపీట పదునుకి ఇచ్చినప్పుడు “మీ ఆయన ఉన్నాడా?” అని అడక్కండి. “అంచు ఎలా ఉంది, ఇంకెన్నాళ్ళొస్తుంది?” అని ఆవిణ్ణే అడగండి. జవాబు ఆవిడకి తెలుసు.