మింగుడుపడని 99 శాతం

పాథాలజీ స్లైడ్ల బొమ్మలు చూసి కేన్సరుని గుర్తుపట్టడం కంప్యూటరుకి నేర్పించడం నా ఉద్యోగం. నేను వైద్యుణ్ణి కాను. వైద్యుల పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాసేవాణ్ణి. మా రంగంలో ఏ సమావేశానికి వెళ్ళినా ఎవరో ఒకరు లేచి "మా పద్ధతి 99 శాతం సరిగ్గా చెబుతుంది" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ అంకె వినగానే అన్నవాహిక గుర్తుకొస్తుంది.

ఎందుకో చెబుతాను. అన్నవాహికకి వచ్చే కేన్సర్లలో చాలా భాగం రెండే రకాలు. లోపలి పొర కణాల్లో పుట్టే స్క్వేమస్ రకం ఇండియాలో ఎక్కువ. గ్రంథి కణాల్లో పుట్టే ఎడినోకార్సినోమా అమెరికాలో ఎక్కువ. ఇవి పోగా మిగిలినవి అరుదు: స్మాల్ సెల్ కార్సినోమా, మెలనోమా, గోడ కండరాల మధ్య పుట్టే జిస్ట్, లింఫోమా వగైరా. స్మాల్ సెల్ రకం నూటికి ఒకటి అనుకోండి. ఏ స్లైడు ఇచ్చినా "స్మాల్ సెల్ కాదు" అనే ఒంటి లైను ప్రోగ్రాము 99 శాతం కరెక్టే! ఆ మిగిలిన ఒక్కడికి మాత్రం నూటికి నూరుపాళ్ళూ తప్పు.

రోగి చెప్పేది అన్నిటికీ ఒకటే: ముద్ద దిగడం లేదు, బరువు తగ్గుతున్నాను. ఒకే ఎర్రర్ మెసేజి, వెనకాల వేరువేరు బగ్గులు. స్మాల్ సెల్ రకం తొందరగా ఇతర అవయవాలకి పాకుతుంది కనుక కోసి తీసేసినంత మాత్రాన సరిపోదు. ప్లాటినం మందు, ఎటోపొసైడు కలిపిన కీమో, తరచు దానికి తోడు రేడియేషను కావాలి. రంగు లేని మెలనోమా మామూలు కార్సినోమా వేషంలో కనబడి మోసం చేస్తుంది. ఈ వేషాలు విప్పడానికే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. అంటే కణాల్లోని ఫలానా ప్రొటీనుని వెతికి అంటుకునే యాంటీబాడీలతో వేసే రంగులు.

జిస్ట్ కథ మరీ విచిత్రం. పైపొర కింద దాక్కుంటుంది కాబట్టి ఎండాస్కొపీలో గిల్లిన ముక్క "నార్మల్" అని రావచ్చు. అల్ట్రాసౌండు అమర్చిన ఎండాస్కోపుతో చూస్తూ సూదితో లోపలి ముక్క తీయాలి. సీడీ 117, డాగ్ 1 రంగులు పడితే జిస్ట్. అవి పడక డెస్మిన్ పడితే చాలావరకు లియోమయోమా, అంటే కేన్సరు కాని గడ్డ. అన్నవాహికలో ఈ రెండోదే ఎక్కువ. 1998లో జపానులో హిరోటా బృందం జిస్ట్ వెనక ఉన్న కిట్ జన్యువు మార్పుని పట్టుకుంది. 2000లో ఫిన్లండులో ఒక రోగికి ఇమాటినిబ్ ఇచ్చి చూశారు. 2002లో అమెరికాలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మామూలు కీమోకి లొంగని కణితి రోజూ వేసుకునే మాత్రకి లొంగింది. నాలుగేళ్ళలో! అంతకన్నా ఆలస్యమైన పేరోల్ ప్రాజెక్టులు నాకు తెలుసు.

అందుకని ఇలాంటి సాఫ్టువేరు రాసే మిత్రులారా, సగటు అంకె చూపించకండి. ఒక్కొక్క అరుదైన రకంలో ఎన్ని పట్టుకుందో, ఎన్ని వదిలేసిందో విడివిడిగా చెప్పండి. "నాకు తెలియదు, మనిషికి చూపించండి" అనడం ప్రోగ్రాముకి నేర్పండి. అమ్మకాల వాళ్ళకి ఇది నచ్చదు. కానీ శిక్షణకి పది స్లైడ్లు కూడా దొరకని రకం గురించి అది ధీమాగా మాట్లాడితే నేను నమ్మను.

ఇక మన ఇళ్ళ సంగతి. అమ్మకో నాన్నకో అన్నవాహికలో గడ్డ ఉందని ఫోను రాగానే స్కాన్లు వాట్సాప్‌లో తెప్పించుకుని తెలిసిన డాక్టర్లందరికీ పంపుతాం. స్కాను గడ్డ ఎంత ఉందో, ఎక్కడికి పాకిందో చెబుతుంది. అదేమిటో చెప్పేది గాజు స్లైడు. రిపోర్టులో "పూర్లీ డిఫరెన్షియేటెడ్" అని ఉండి రంగుల పరీక్ష ఊసే లేకపోతే, మొదటి కీమోకి ముందే మరో పాథాలజిస్టుకి చూపించమనండి. ముంబై టాటా మెమోరియల్ లాంటి చోట్ల బయటి స్లైడ్లని మళ్ళీ చదువుతారు. "పెద్ద డాక్టరుగారు ఏమనుకుంటారో" అని మనవాళ్ళు మొహమాటపడతారు. నేను చూసిన పాథాలజిస్టులైతే అనుమానం వస్తే తామే స్లైడు పట్టుకుని పక్క గదికి వెళతారు.

స్లైడ్లతోపాటు మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. కొత్త రంగులు వెయ్యాలంటే అదే కావాలి. మే నెలలో మాత్రం కారులో వదిలెయ్యకండి, మెత్తబడిపోతుంది.